కూలర్‌లో నీళ్లు

మే 20, సోమవారం

పొద్దున్నుంచే వడగాలి. ఆకాశం బూడిద రంగులో ఉంది. పిండి గిర్ని పై రాయి దింపి, అరిగిన గంట్లు మళ్లీ కొట్టాను. మధ్యాహ్నం గోధుమలు పట్టడం ఆపేశాను. రాయి వేడికి పిండి మాడిన వాసన వస్తోంది. జనం కూడా లేరు.

రాబడి, ఖర్చుల లెక్క లెక్కల పుస్తకంలో రాశాను. లెక్కకు రానివి ఇందులో రాసుకుంటున్నాను. ఇంట్లో తెలుగు చదవడం నాకొక్కడికే వచ్చు. కిరాణా పొట్లాల కాగితాల మీద నేర్చుకున్న అక్షరాలు. కూతురు ప్రతిభ ఇక్కడి మరాఠీ బడిలో చదువుకుంది. నా భార్య అనసూయ అసలు చదువుకోలేదు. కాబట్టి ఇక్కడ ఏం రాసినా రాసినట్టే ఉంటుంది.

మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. లోపలిది గాలి వదులుతోంది, కానీ ఆ గాలి వేడిగా ఉంది. బయటి పెట్టెలో రెక్క తిరగడం లేదు. విప్పి చూశాను. మోటారైతే నాకు తెలుసు. ఇది మోటారు జబ్బు కాదు.

అనసూయ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి ఇంకా రెండు వారాలు కాలేదు. డాక్టరు పంపిస్తూ చెప్పిన మాట నా చెవిలోనే ఉంది. "మళ్లీ వడదెబ్బ తగిలితే మా చేతుల్లో ఉండదు. ఎండలు తగ్గేదాకా చల్లటి గది దాటనివ్వకండి." ఆ మాట కోసమే ఏసీలు బాగుచేసే సంజయ్‌తో ఈ పాత ఏసీ కొనిపించాను. అతనే బిగించాడు. అతనికే ఫోన్ చేశాను. తీయలేదు.

మే 21, మంగళవారం

ఎండ నిన్నటి కంటే ఎక్కువ. పొద్దున నల్లా వచ్చినప్పుడు డ్రమ్ములు నింపాను.

ప్రతిభ కంపెనీకి ఫోన్ చేసింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చాలాసేపు చెప్పించుకున్నాక, ఇది పాత మోడల్, వచ్చే వారం మనిషిని పంపుతాం అన్నారు. "వచ్చే వారం దాకా మా అమ్మను ఎక్కడ దాచిపెట్టాలె?" అని మరాఠీలో అడిగింది. అవతల పాట మొదలైందట.

సంజయ్ సాయంత్రం ఫోన్ ఎత్తాడు. "లచ్చయ్య కాకా, పిల్లల దవాఖాన్ల మూడు ఏసీలు పోయినయి. చిన్న పిల్లలు అద్దాల పెట్టెలల్ల ఉన్నరు. అది అయినంక నీకాడికే వస్త. ఒట్టు." ఆ మాటకు నేనేం అంటాను?

కిటికీకి తడి దుప్పటి కట్టాం. నేల మీద నీళ్లు చల్లాం. అనసూయ గోడవైపు తిరిగి పడుకుంది. ముట్టుకుంటే ఒళ్లు పొయ్యి గడ్డలా ఉంది. మాట్లాడుతోంది కాబట్టి ఫర్వాలేదు.

మే 22, బుధవారం

సంజయ్ విసాపూర్ నుంచి పొద్దున్నే వచ్చాడు. ఎండకు కమిలి గుర్తుపట్టలేకుండా ఉన్నాడు. నీళ్లు ఇస్తే సగం తాగి సగం తల మీద పోసుకున్నాడు.

బయటి పెట్టె విప్పి, నల్లగా కాలిన పచ్చ పలక ఒకటి చూపించాడు.

"ఏసీ మంచిగనే ఉన్నది కాకా, దీని మెదడు పోయింది. కరెంటు ఎక్కువ తక్కువ వచ్చి బోర్డు కాలింది. నాగపూర్ నుంచి రావాలె."

"ఎప్పుడొస్తది?"

"రెండు దినాలంటరు. అంటరు గని, వచ్చినప్పుడే వచ్చినట్టు."

అనసూయ మంచం మీది నుంచే అంది. "ఏం డాక్టర్‌వు బిడ్డా, నాడి చూసి పోతున్నవు, మందియ్యవైతివి."

"మే నెలల నేను కలెక్టర్ కన్నా పెద్దోన్ని కాకూ. ఆయన ఫోనన్న ఒక్కోపారి పండుకుంటది. నాది పండుకోదు."

చాలా రోజుల తర్వాత అనసూయ నవ్వింది.

వెళ్తూ మిద్దె మీది పాత కూలర్ దింపమన్నాడు. ఏసీ పెట్టినప్పుడు గోడకు తనే బిగించిన ట్రిప్ స్విచ్‌ను వేలితో తట్టి, "పాత రేకు కూలర్ కదా, ఇది పడ్తదేమో చూడు. పడ్డదంటే ఎక్కడనో కరెంటు కారుతున్నట్టు. పడ్డప్పుడు దీన్ని తిట్టద్దు కాకా, దండం పెట్టాలె" అన్నాడు.

మే 23, గురువారం

వడగాలి. కూలర్ దింపి తుప్పు గీకాను. మూడు వైపులా కొత్త గడ్డి పెట్టాను. పెరట్లో, పడకగది కిటికీకి ఆనించి స్టాండు మీద నిలబెట్టాం. తులసి గద్దె పక్కనే. ఇంకో చోటు లేదు.

కూలర్‌లో నీళ్లు నింపాను. గాలి వచ్చింది. అనసూయ కళ్లు మూసుకుని, "అబ్బ" అంది.

మే 24, శుక్రవారం

ట్రిప్ స్విచ్ పడుతోంది. పైకి లేపితే కాసేపు ఆగి మళ్లీ పడుతోంది. పడిన ప్రతిసారీ ఇల్లంతా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో అనసూయ ఊపిరి వినిపిస్తుంది.

ఫోన్‌లో సంజయ్, "పంపు లీకు ఉంటది, కొత్తది ఎయ్యి" అన్నాడు.

కూలర్‌లో నీళ్లు నింపాను.

మే 25, శనివారం

రోహిణి కార్తె వచ్చింది. మరాఠీ వాళ్ల నవతపా. పొద్దున తొమ్మిదింటికే రోడ్డు మీద మనిషి లేడు.

పంపు కోసం గోల్ బజార్ వెళ్లాను. కూలర్ దుకాణం ముందు పెళ్లి పందిరి దగ్గర ఉన్నట్టు జనం. అందరి చేతుల్లో కాలిన పంపులు. నా వంతు వచ్చేసరికి ఆలస్యమైంది. ప్రతిభ క్లాసుకు వెళ్లింది. అమ్మ నిద్రపోతోంది, కూలర్ నడుస్తోంది అనుకునే వెళ్లింది. దాని తప్పేం లేదు.

వచ్చేసరికి ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. గేటు దగ్గరే అర్థమైంది.

స్విచ్ ఎప్పుడు పడిందో తెలియదు. గది తలుపు తీస్తే గిర్ని రాళ్ల మధ్య తల పెట్టినట్టుంది. అనసూయ మంచం మీద లేదు. కింద నేల మీద, చెంప బండకు ఆనించి పడి ఉంది. చెమట లేదు. మొదటిసారి కూడా ఇలాగే చెమట లేదు. పిలిస్తే కళ్లు తెరిచింది కానీ నన్ను చూడలేదు. "మా అమ్మ వచ్చిందా?" అని అడిగింది. వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది.

డ్రమ్ము నీళ్లు బకెట్‌తో తెచ్చి మంచం, బట్టలు చూడకుండా పోశాను. చంకల్లో తడి గుడ్డలు పెట్టాను. చాలాసేపటికి, "నా చీర తడిపితివి గదయ్యా" అంది. అప్పుడు కూర్చున్నాను.

కొత్త పంపు వేశాను. స్విచ్ మళ్లీ పడింది. సంజయ్‌కు ఫోన్ చేస్తే, "అర్తింగు గుంత ఎండిపోయి ఉంటది, ఉప్పు నీళ్లు పొయ్యి. అయినా పడితే కూలర్ బాడీల ఎక్కడనో వైరు తాకుతుంది. నేను వచ్చి చూసేదాక నడపద్దు" అన్నాడు.

గుంతలో ఉప్పు నీళ్లు పోశాను. స్విచ్ పడింది.

నడపవద్దు అంటాడు. నడపకపోతే ఏమవుతుందో అతను చూడలేదు. నేను చూశాను.

ట్రిప్ స్విచ్ తీగలు విప్పి, అది మధ్యలో లేకుండా కరెంటు డైరెక్ట్ చేశాను. గిర్నిలో ఇంతకంటే పెద్ద తీగలు కలిపాను. బోర్డు వచ్చేదాకానే. ఇప్పుడు స్విచ్ పడదు.

కూలర్‌లో నీళ్లు నింపాను.

మే 26, ఆదివారం

ఎండ. గాలి లేదు. కూలర్ పగలంతా ఆగకుండా నడిచింది. అనసూయ గంజి తాగింది. నిద్రపోయింది.

కూలర్‌లో నీళ్లు నింపాను.

మే 27, సోమవారం

పొద్దున గిర్ని నడిపాను. జొన్నలు, శనగపప్పు పట్టాను.

బోర్డు వచ్చిందని సంజయ్ ఫోన్ చేశాడు. సంతోషించేలోపే ఇంకో మాట చెప్పాడు. నాగపూర్ వాళ్లు వేరే మోడల్‌ది పంపారట. తిరిగి పంపాడు.

"కాకా, ట్రిప్ స్విచ్ డైరెక్ట్ చెయ్యలేదు కదా?"

లేదన్నాను.

"చెయ్యకు. ఈ ఎండకాలం ఎవనింటికి పోయినా గదే చేసి పెట్టుకుంటుండ్రు. అడిగితే లేదంటరు."

సరే అన్నాను.

నీళ్లు పోసేటప్పుడు కూలర్ రేకు తగిలి మోచేయి దాకా చిమచిమలాడింది. చేతులు చెమటతో ఉన్నాయి. ఎండలో రేకు కాలినా అలాగే ఉంటుంది. ఏమైనా జాగ్రత్త మంచిదని నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీస్తున్నాను. రబ్బరు చెప్పులు వేసుకుంటున్నాను.

కిటికీలోంచి అనసూయ చూసింది. "తులసి కాడ చెప్పులేంది?"

"కాలు కాల్తుంది."

"ఇన్నేండ్లు కాలలేదా?"

ఆమె పెరట్లోకి ఎప్పుడూ ఉత్త కాళ్లతోనే వస్తుంది. ప్రతిభకూ అదే అలవాటు చేసింది.

నిజం చెబితే అనసూయ ఆ క్షణమే కూలర్ ఆపేయిస్తుంది. కరెంటంటే ఆమెకు పామంత భయం. ఆపేస్తే మళ్లీ ఆ నేల, ఆ చెంప. అందుకని ఇద్దరినీ కూర్చోబెట్టి, కూలర్‌లో నీళ్లు నేనే పోస్తాను, మీరు ముట్టుకోవద్దు, నీళ్లు ఎక్కువైతే కొత్త పంపు పాడవుతుంది అని చెప్పాను.

అనసూయ నా మొహం చూసి నవ్వింది. "పెండ్లైన కాన్నుంచి కూలర్ల నీళ్లు పోసింది నేను. ఏ పంపు పాడు చేసిన? ఇప్పుడు నాకు నేర్పుతున్నడు చూడవే, మీ బాపు."

"ఇంజనీరు అమ్మా, మా బాపు. బడికి పోని ఇంజనీరు" అంది ప్రతిభ.

నవ్వనిచ్చాను. మాట వింటే చాలు.

కూలర్‌లో నీళ్లు నింపాను.

మే 28, మంగళవారం

పొద్దున పెరడు ఊడుస్తుంటే కూలర్ స్టాండు కింద తడి నేల మీద పిల్లి పడి ఉంది. అనసూయ పాలు పోసే ఎర్ర పిల్లి. కాళ్లు కర్రల్లా చాచి, పళ్లు బయటపెట్టి ఉంది. ఒక కాలు ఇనుప స్టాండుకు ఆనుకుని ఉంది.

ఈ ఎండకు కాకులే చెట్ల మీంచి రాలుతున్నాయి. పిల్లి ఎంత. నీళ్ల చల్లదనానికి వచ్చి, ఎండ దెబ్బకు పోయింది.

ముందు ప్లగ్గు తీసి, తర్వాత పిల్లిని గోనెసంచిలో పెట్టాను. ఖాళీ జాగాలో పూడ్చాను. ఇద్దరూ లేవలేదు. చెప్పలేదు.

కూలర్‌ను కొంత విప్పి చూశాను. లోపల తీగ ఎక్కడా ఒలిచి కనిపించలేదు. మోటారు కింద చెయ్యి పట్టని చోటుంది. అది చూడాలంటే మొత్తం విప్పాలి. విప్పితే పూట పడుతుంది. అప్పటికే ఎండ ఎక్కింది, గదిలో అనసూయ విసనకర్ర చప్పుడు వినిపించింది. బిగించేశాను.

కనిపించలేదంటే లేనట్టే.

కూలర్‌లో నీళ్లు నింపాను.

మే 29, బుధవారం

మబ్బు పట్టినట్టు పట్టి విడిపోయింది. ఉక్క.

ఎదురింటి ప్రణీత పిండి కోసం వచ్చింది. ఆమె భర్త థర్మల్‌లో ఇంజనీరు, ఆంధ్ర వాళ్లు. అనసూయను చూస్తానని లోపలికి వెళ్లింది. బయటికి వచ్చి నా దగ్గర నిలబడింది.

"అంకుల్, మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. ఏసీ కూడా ఉంది. మీది బాగయ్యేదాకా ఆంటీని మా ఇంట్లో ఉంచండి. మాకేం ఇబ్బంది లేదు, మీరు మొహమాటపడకండి."

"అవసరం లేదమ్మా. కూలర్ మంచిగ నడుస్తుంది."

"ఇవాళ పొద్దున మా వారు వంశీ మీ పెరటి గోడ పక్కనుంచి వస్తుంటే తడి నేల మీద కాలు జివ్వుమందన్నారు. ఒకసారి చూపించుకోండి."

"చూపిస్తున్నమమ్మా. మనిషి వస్తుండు."

పిండి జల్లించి ఇచ్చాను. మళ్లీ అడగలేదు.

లోపలికి వెళ్తే అనసూయ అంతా విని ఉంది.

"పోతే ఏమైతుండె?"

"మంది ఇంట్ల పండుకుంటే నీకు నిద్ర పడ్తదా?"

"నాకు పడ్తది. పట్టనిది నీకు. ఒగలను అడగాలంటే నీ నాలుక మీద బండ ఉంటది."

మంచం పక్కన చెంబు నింపి పెట్టాను. నీళ్లు తాగి, "పిల్లి కనబడ్తలేదు" అంది.

"ఎటో పోయి ఉంటది."

"పాలు పెట్టకుంటే పోదా మరి. నేను లేచినంక వస్తది."

కూలర్ చుట్టూ పొడి ఇసుక పోశాను. కూలర్‌లో నీళ్లు నింపాను.

మే 30, గురువారం

ఇసుక సాయంత్రానికే తడిసిపోయింది. కూలర్‌లో నీళ్లు నింపాను.

మే 31, శుక్రవారం

పొద్దున కొంచెం మబ్బు. గాలి దిక్కు మారింది. గిర్ని పటా బెల్టు బిగించాను, గిర్ని ఉన్న ఈ ముందు గది ఊడ్చి పిండి దులిపాను. మధ్యాహ్నం మూసి, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

ఇవాళ అన్నీ మంచి వార్తలే. బోర్డు వచ్చింది, ఈసారి సరైనదే. సంజయ్ బామ్నిలో ఒక ఇంట్లో పని చూసుకుని నేరుగా ఇక్కడికే వస్తానన్నాడు. "కాకా, కాకూకు చెప్పు, డాక్టర్ మందు పట్టుకొని వస్తుండని" అన్నాడు. చెబితే అనసూయ, "మందు పని చెయ్యకుంటే వాన్నే ఆ పెట్టెల పెట్టి గాలి ఊదమంట" అంది.

నిన్నటి నుంచి ఆమె మనిషిలా ఉంది. పొద్దున తనే లేచి తల స్నానం చేసింది. శుక్రవారం కదా అంది. జొన్నరొట్టె ఒకటి పూర్తిగా తింది. నా కూరలో ఉప్పు తక్కువైందని ప్రతిభ మీద కేకలేసింది. ఆ కేకలు విని ఎన్నాళ్లయిందో. ప్రతిభ కాలేజీకి వెళ్తూ గేటు దగ్గర, "బాపూ, అమ్మ తిడుతుందంటే మంచిగైనట్టే" అంది.

నేను పడుకోమన్నాను. "పండి పండి నడుము బండయింది. నువ్వు ఒక్కనివే అన్నీ చేస్తున్నవు, మనిషి సగమైతివి. నీళ్లు మోసుడు, వండుడు, ఊడ్చుడు. రేపటి నుంచి నా పని నాకు ఇచ్చెయ్యి" అంది. సరే అన్నాను. ఇంకేమైనా అనాల్సింది. ఇన్నేళ్లలో నాకు అలాంటి మాట ఆమె చెప్పడం తక్కువ. ఇలా వచ్చి కూర్చున్నాను.

సంజయ్ బోర్డు వేయగానే కూలర్ ఆపేస్తాను. అతను చూడకముందే ట్రిప్ స్విచ్ తీగలు మళ్లీ కలపాలి. అబద్ధం చెప్పినట్టు తెలిస్తే బాగుండదు. కలిపేస్తే అయిపోయింది. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన పనే ఉండదు. పిల్లి సంగతి మాత్రం ఏదో ఒకటి చెప్పాలి. ఇంకో పిల్లిపిల్లను తెస్తే సరిపోతుంది. లెక్కల పుస్తకం కూడా ఇవాళ రాయలేదు. ఇది అయ్యాక అది రాస్తాను.

కూలర్ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. చప్పుడు మారింది. నీళ్లు అడుగంటితే పంపు అలా గరగరలాడుతుంది. లేవాలి. ఈ నాలుగు మాటలు రాసి లేస్తాను.

పెరట్లో బకెట్ చప్పుడైంది. ప్రతిభ వచ్చినట్టుంది. రాలేదు, దాని బండి గేటు లోపల లేదు. అనసూయే అయి ఉంటుంది, తులసికి నీళ్లు పోయడానికి లేచినట్టుంది. ఇన్నాళ్లకు పెరట్లో అడుగుపెట్టింది. మంచిదే. డ్రమ్ములో మళ్లీ బకెట్ ముంచింది. తులసికి ఒక చెంబు చాలు కదా. నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీయాలని అనసూయకు నేను